గడప దాటని పుట్టగొడుగు మందు

కోనసీమలోని ఒక అగ్రహారంలో సోమయాజులు గారు పేరున్న వైద్యులు. తొలకరికి కాలువగట్ల పుట్టల మీద మొలిచే పుట్టగొడుగులను ఏరించి, ఎండబెట్టి, ఆ చూర్ణాన్ని తేనెతో కలిపి బాలింతల నీరసానికి ఇచ్చేవారు. ఆ చూర్ణాన్ని కల్వంలో నూరేది ఆయన భార్య మాణిక్యాంబే. కాని పుట్టగొడుగు తినడం ఆ ఇంట నిషిద్ధం. పెరటి పంచలో ఉండే ఆ కల్వం ఏనాడూ గడప దాటి లోపలికి రాలేదు.

పందొమ్మిది వందల డెబ్భై తొమ్మిదిలో కోడలు కామేశ్వరి పురిటి తరువాత మంచం దిగలేకపోయింది. కాకినాడ డాక్టరు ఇచ్చిన టానిక్కు ఆమె కడుపులో నిలవలేదు. చివరికి సోమయాజులు గారు చూర్ణం పొట్లం విప్పారు.

"మనింట్లోకాండీ?" అంది మాణిక్యాంబ.

"ఊళ్ళో వాళ్ళకిస్తే మందు, మన పిల్లకిస్తే దోషమా?"

"నూరడం వేరు, తినడం వేరండి. శాస్త్రం మీకు నేను చెప్పాలా?"

"చెప్పు, వింటాను. పాలు లేక బిడ్డ ఏడుస్తుంటే ఏ శ్లోకం అడ్డొచ్చిందో చెప్పు."

లోపల బిడ్డ ఏడుపు సన్నగా వినిపిస్తూనే ఉంది. సోమయాజులు గారు తేనెలో చూర్ణం రంగరించి, భార్య చూస్తుండగా ముందు తన నాలుక మీద వేసుకున్నారు.

"దోషముంటే నాకే. ఇక నా విస్తరి వేరుగా వెయ్యి."

మాణిక్యాంబ గిన్నె కోసం చెయ్యి చాపింది.

"మామగారు తినిపిస్తే అది సిగ్గుపడి సగం వదిలేస్తుంది. ఇలా ఇవ్వండి."

గిన్నెతో ఆమే గడప దాటింది. మధ్యాహ్నం ఆయన విస్తరి ఎప్పటిచోటే వేసి ఉంది.