జేబులో లేని రెడ్ కార్డు

మూడేళ్ల కిందటి వేసవి. ఆదివారం ఉదయం ఏడు గంటలకు నంద్యాల మైదానంలో నంద్యాల, ఆళ్లగడ్డ జట్లకు హాకీ మ్యాచ్. మాది పెద్ద లీగ్ కాదు. లారీ డ్రైవర్లు, టీచర్లు, అంగళ్లవాళ్లు వారమంతా పనులు చేసుకుని ఆదివారం కర్ర పట్టుకుంటారు. నేను గోస్పాడు దగ్గర ఒక బడిలో పీఈటీని, అంటే పిల్లలకు ఆటలు నేర్పే టీచర్ని. అప్పటికి ఈ లీగ్‌లో పద్దెనిమిదేళ్లుగా అంపైర్ని.

ముందు కార్డుల సంగతి చెప్పాలి. గ్రీన్ కార్డు చూపిస్తే ఆటగాడు రెండు నిమిషాలు బయట కూర్చోవాలి. ఎల్లోకు కనీసం ఐదు నిమిషాలు. రెడ్ అయితే ఆ మ్యాచ్‌లోకి ఇక రాకూడదు. మా లీగ్‌లో తర్వాతి మ్యాచ్‌లకు కూడా నిషేధమే. ఒకడు పోతే పదకొండు మంది పోగవడం కష్టమని చిన్న జట్ల గోల. అందుకే మ్యాచ్‌కు ముందు టీ దగ్గర కెప్టెన్లు అంపైర్ల చేత మాట తీసుకోవడం మా దగ్గర ఆనవాయితీ.

"రెడ్ మాత్రం తీయగాకండి సార్. వారానికొక పూట ఆడుకునేటోళ్లం," అనేవాళ్లు.

"సరేలేప్పా," అనేవాణ్ని. రెడ్ కార్డును సంచిలోనే వదిలేసి మైదానంలోకి దిగేవాణ్ని. పైగా అదేదో పెద్ద మనసని మురిసిపోయేవాణ్ని. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

ఆ రోజు మూడో క్వార్టర్లో ఆళ్లగడ్డ డిఫెండర్ ఓబులేసు, నంద్యాల ఫార్వర్డ్ మద్దిలేటి మోకాలి మీద కర్రతో కొట్టాడు. బంతి అప్పటికే పది గజాల అవతలికి పోయింది. నేను దగ్గరే నిలబడి చూశాను. రెండో అంపైర్ రహంతుల్లా పరుగున వచ్చాడు.

"కావాలనే కొట్టినాడు సార్. రెడ్ ఇచ్చి పంపియ్యండి."

"పోనీలేప్పా, ఎల్లో చాలు," అన్నాను. ఓబులేసు ఐదు నిమిషాలు కుర్చీలో కూర్చుని, నీళ్లు తాగి మళ్లీ లోపలికొచ్చాడు.

కాసేపటికే బంతి గోల్ ముందుకు వచ్చింది. మద్దిలేటి దాన్ని ఆపడానికి వంగాడు. ఓబులేసు కర్ర భుజం పైకి లేచింది. అయ్యో దేవుడా, ఆ చప్పుడు! మద్దిలేటి ఎడమ కన్ను పట్టుకుని కూలబడ్డాడు. వేళ్ల సందుల్లోంచి నెత్తురు కారుతోంది. విజిల్ నా పళ్ల మధ్యే ఉంది, ఊదాలన్న ధ్యాసే లేదు.

చేయి జేబులోకి పోయింది. రెండు కార్డులే తగిలాయి. "బయటికి పోరా!" అని అరిచాను.

ఓబులేసు వెటకారంగా కూడా అనలేదు. మామూలుగా అడిగాడు. "కార్డేదీ సార్? మీరు రెడ్ తెచ్చుకోరని ఆడేటోళ్లందరికీ తెలుసు గదా."

ఇన్నేళ్లూ మంచితనమని నేననుకున్నది వీళ్లకు ధైర్యమైంది! చివరికి రహంతుల్లా తన జేబులోంచి రెడ్ తీసి వాణ్ని పంపించాడు.

మద్దిలేటిని కర్నూలులో కంటి ఆసుపత్రిలో చేర్చాం. అతను లారీ డ్రైవర్. భార్యకూ ఇద్దరు ఆడపిల్లలకూ ఆ స్టీరింగే ఆధారం. ఎడమ కంటికి చూపు రాదని మూడో రోజు డాక్టర్ తేల్చేశాడు. వరండాలో లీగ్ పెద్ద ఒకాయన నన్ను పక్కకు పిలిచాడు.

"రిపోర్టులో బంతి తగిలిందని రాయప్పా. లేకుంటే లీగే నిలిచిపోతాది. నీకు గూడ మంచిది."

నాకూ మంచిదట! ఛీ, ఒక్క క్షణం నేనూ ఆలోచించాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. లోపలికి వెళ్లాను. మద్దిలేటి కంటికి కట్టుతో పడుకుని ఉన్నాడు.

"సార్, వాడు నా మోకాలి మీద కొట్టింది మీరు చూసినారు గదా?" అని అడిగాడు.

"చూసినాను మద్దిలేటీ."

"మీరు చూసినారని నాకు తెలుసు. ఇంగ వాని సంగతి సార్ చూసుకుంటాడులే అనుకుంటి. వాడు యాడుండాడో గూడ చూడకుండా బంతి మీదికి వంగితి."

తిట్టి ఉంటే బాగుండేది. అతని మంచం పట్టె పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

ఆ సాయంత్రమే రిపోర్టు రాశాను. రెండు దెబ్బలూ, మొదటిదాన్ని నేను చూసీ వదిలేయడం, రెడ్ సంచిలో పెట్టడం, టీ దగ్గర ఇచ్చిన మాట, అన్నీ రాశాను. ఓబులేసును లీగ్‌లోంచి తీసేశారు. నన్ను ఏడాది పక్కన పెట్టారు. లీగ్ నిలిచిపోలేదు, టీ దగ్గర మాటలు మాత్రం నిలిచిపోయాయి.

దెబ్బ ఒకడు తింటే, క్షమించే పెద్దరికం నేను తీసుకున్నాను. అది నాది కాదని తెలియడానికి నాకు పద్దెనిమిదేళ్లు పట్టింది. మద్దిలేటి పన్నెండేళ్లు తాను నడిపిన లారీకే ఇప్పుడు క్లీనర్‌గా వెళ్తున్నాడు.