కామాక్షమ్మ మేడం పెట్టించిన సంతకం

పులివెందుల బస్టాండు ముందు పూలమ్మే ఆమె బుట్టలో తడిగుడ్డ కింద మరువం కట్టలుంటాయి. బడికి పోతూ ఆ పక్కగా నడిస్తే చాలు, నాకు కామాక్షమ్మ మేడం గుర్తొస్తుంది. పూలున్నా లేకున్నా ఆమె కొప్పులో ఒక మరువం రెబ్బ ఉండేది. అంత మంచి వాసనగల మనిషి నోరు మాత్రం పచ్చిమిరపకాయ. ప్రొద్దుటూరు దగ్గర నేను చేరిన ఇంజనీరింగు కాలేజీలో ఫీజుల కౌంటరు ఆమెది. జమ్మలమడుగులో పూజారుల ఇంటి కోడలు, రోజూ బస్సులో వచ్చిపోయేది. కిటికీ వెనక నుంచి ఆమె "ఏంది?" అంటే ఎంత పొగరుబోతు పిల్లలైనా రెండడుగులు వెనక్కి వేసేవాళ్లు.

అసలు నేను ఆ కాలేజీలో చేరడమే తప్పు. మాది కొండాపురం వైపు. మా ఊరు గండికోట రిజర్వాయరు నీళ్ల కింద పోయింది. వచ్చిన పరిహారంలోంచి మా నాయన నాకు మేనేజ్‌మెంటు సీటు కొన్నాడు. కంప్యూటర్లు చదివితే బతికిపోతుందని బంధువులంతా కలిసి తేల్చేశారు. నాకేమో తెలుగు చదివి పంతులమ్మను కావాలని ఉండేది. ఆ మాట నన్ను అడిగినవాళ్లు లేరు, నేను చెప్పిందీ లేదు. మూడు వారాలు క్లాసులో కూర్చున్నా ఒక్క ముక్క తలకెక్కలేదు. నాలుగో వారం నుంచి పోవడం మానేశాను. ఇంట్లో చెప్పే ధైర్యం లేక, పొద్దున్నే క్యారియరు పట్టుకుని బయల్దేరి, జమ్మలమడుగు బస్టాండులో దిగి సాయంత్రం దాకా అక్కడే కూర్చునేదాన్ని. పోకపోతే కాలేజీవాళ్లే పేరు కొట్టేస్తారు, కట్టిన డబ్బు ఎలాగూ తిరిగొస్తుంది అనుకున్నాను. అంతటి తెలివి నాది!

పది రోజులు అలా గడిచాయి. ఒకరోజు మేడం సెలవు పెట్టి, గండి ఆంజనేయస్వామికి కొబ్బరికాయ కొట్టాలని పులివెందుల బస్సు కోసం అదే బస్టాండుకు వచ్చింది. పెరుగన్నం తింటూ దొరికిపోయాను.

"ఏం మే, కాలేజీని ఈడికి మార్చినారా?"

"ఒంట్లో బాగలేదు మేడం."

"బాగలేనోళ్లు ఇంట్లో పండుకుంటారు. బస్టాండులో కూచోని పెరుగన్నం తినరు. నిజం చెప్పు."

అన్నం ముద్ద గొంతులో ఉండగానే ఏడుపొచ్చింది. అంతా చెప్పేశాను. ఆమె ఓదార్చలేదు. పక్కన కూర్చుని, "ఏడ్సింది చాల్లే, ఇను. రాకుండా ఉండేది వేరే, మానుకునేది వేరే. మానుకుంటాండా అని రాసియ్యనంతవరకు నువ్వు మా కాలేజీ పిల్లవే. గడువులోపల రాసిస్తే కొంచెం పట్టుకోని మిగతా దుడ్లు వాపసిస్తారు. దాటితే ఒక్క రూపాయి రాదు. మిగతా ఏండ్ల ఫీజు కూడా కట్టమని సర్టిఫికెట్లు పట్టుకుంటారు. అవి లేకుంటే నిన్ను యాడ చేర్చుకుంటారు?" అంది.

"గడువు ఎప్పుడు మేడం?"

"రేపు."

కాగితం ఆమే తీసింది, నా చేతే రాయించింది. కింద తండ్రి సంతకం కావాలి. "నేనే పెడతా మేడం, అచ్చం మా నాయన మాదిరే వస్తుంది" అన్నాను.

"పెడతావు. రేపు దుడ్లు మీ నాయన పేరు మీద వస్తాయి, అప్పుడేం చెప్తావు? లే, మీ ఊరి బస్సొస్తాంది."

"మీరు గండికి పోవాల కదా..."

"ఆంజనేయస్వామి యాడికీ పోడులే."

పునరావాస కాలనీలో మా ఇంటి ముందు నాయన మందు కొట్టే స్ప్రేయరు బాగుచేసుకుంటున్నాడు. మేడం మజ్జిగ తాగింది, ఎండల గురించి మాట్లాడింది. అసలు సంగతి ఆమే చెబుతుందని నేను కక్కలేక మింగలేక నిలబడి ఉన్నాను. చివరికి ఏం పని మీద వచ్చినారని నాయనే అడిగాడు. ఆమె "నేను దారితోడు వచ్చినా అన్నా, అంతే. చెప్పాల్సింది పాప" అని గ్లాసు కింద పెట్టింది. ఆ క్షణం ఆమె మీద ఎంత కోపం వచ్చిందో! నేల చూస్తూ చెప్పాను, తెలుగు చదవాలని ఉందన్న మాటతో సహా.

నాయన స్ప్రేయరు పక్కన పెట్టాడు. తర్వాత, "పది దినాలు బస్టాండులో కూచున్నావా? ఆ ఎండకు?" అన్నాడు. నేను తలూపాను. మేడం వైపు తిరిగి, "మునిగిన ఊరినైతే తెచ్చుకోలేము. ఈ దుడ్లు తెచ్చుకోవచ్చు గదమ్మా. సంతకం యాడ పెట్టల్ల?" అన్నాడు.

మరునాడు కౌంటరు దగ్గర ఆమె నన్ను ఎన్నడూ చూడనట్టే ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, ముద్ర వేసి, నకలు నా చేతికిచ్చింది. "ఇది పారేసుకుంటే చెంప పగులుతుంది" అంది. డబ్బు వచ్చింది. సర్టిఫికెట్లు అంతకుముందే వచ్చాయి. ఆ ఏడే ప్రొద్దుటూరులో డిగ్రీలో చేరి తెలుగు చదివాను. పంతులమ్మ ఉద్యోగం వచ్చాక స్వీటు పట్టుకుని ఆమె ఇంటికి పోతే, నన్ను గుర్తుపట్టలేదు. "అట్లాంటోళ్లు శానామంది పాపా" అంది. నిజం చెబుతున్నాను, మనసు చివుక్కుమంది. నా బతుకు మలుపు తిరిగిన రోజు ఆమెకు ఒక సెలవు రోజు, అంతే. తర్వాత ఆలోచిస్తే, ఎంతమందికి దారితోడు పోయి ఉంటుందో కదా అనిపించి, ఆమె మీద ఇంకా ప్రేమ పెరిగింది.

మా నాయన పోయి రెండేళ్లవుతోంది. మంచిదైనా చెడ్డదైనా, ఆ మధ్యాహ్నం తర్వాత ఆయనకు చెప్పకుండా నేను దాచిన మాట ఒక్కటి కూడా లేదు.