చేతిలో చెయ్యి వేసిన బేరం

మొన్న క్లాసులో ఒక అమ్మాయి లేచి, "మేడమ్, పాఠంలో వర్తకం అని ఎందుకు రాశారండి? వ్యాపారం అంటే సరిపోదా?" అని అడిగింది. నేను భీమవరంలో ఒక కాలేజీలో తెలుగు చెప్తాను. ఈ ఊళ్ళో తెలుగు టీచరంటే కూరలో కరివేపాకే. అలాంటిది ఎవరైనా నోరు తెరిచి ప్రశ్న అడిగితే ఊరుకుంటానా? పాఠం పక్కన పెట్టేశాను.

వ్యాపారం అంటే మొదట్లో కొనడం, అమ్మడం కాదు, ఏదో ఒక పనిలో ఉండటం. వ్యవహారం జనం నోట నలిగి బేహారం అయింది. బేహారి అంటే సరుకు అమ్ముకునేవాడు. బేరం కూడా ఆ కుదురులోదేనని కొందరంటారు, కాదని కొందరంటారు, నేను పంచాయితీకి కూర్చోను. వర్తకం మాత్రం వర్తించడంలోంచి వచ్చింది. వర్తించడం అంటే నడుచుకోవడం. మనిషి ప్రవర్తనకీ బజారులో వర్తకానికీ వేరు ఒకటే.

"అయితే అమ్మేవాళ్ళు బుద్ధిగా నడుచుకోవాలన్నమాట!" అందా అమ్మాయి. క్లాసంతా గొల్లుమంది. నాకు నవ్వు రాలేదు. బోర్డు వైపు తిరిగి, అప్పటికే రాసిన మాటనే మళ్ళీ రాశాను.

మా ఇంట్లో వర్తకం అనే మాట ఎవరూ వాడరు. మాకు బేరమే. నాన్నగారు వరి పండించే రోజుల నుంచీ ఆయనకు బేరానికి ఒకటే పద్ధతి. ధర కుదిరాక కొనేవాళ్ళ చేతిలో చెయ్యి వేస్తారు. కాగితం ఉండదు, బయానా ఉండదు. చెయ్యి వేశాక ఆ రోజు పొద్దుగూకేదాకా సరుకు వాళ్ళదే. ఈలోగా దేవుడు దిగివచ్చి అడిగినా ఇవ్వకూడదు. పొలం తవ్వి రొయ్యల చెరువు చేశాక కూడా ఆయన ఈ పద్ధతి మానలేదు. వరి ఆగుతుంది కానీ రొయ్య ఆగదని ఆయనకు ఎవరు చెప్తారు?

రెండేళ్ళ కిందటి వేసవి అది. అంతకు ముందు వరసగా రెండు పంటలు వైరస్ వచ్చి పోయాయి. "ఇది కూడా పోతే చెరువు వదిలేస్తానమ్మా" అన్నారు నాన్నగారు. వదిలేసి ఏం చేస్తారో చెప్పలేదు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, పొద్దున్న లేస్తే గట్టు తప్ప ఇంకో దారి తెలియనివారు. అమ్మ పోయాక ఆయన్ని నిలబెట్టింది ఆ చెరువే. ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు కంటి మీద కునుకు లేదు.

ఒక ఆదివారం పొద్దున్నే చెరువులో మేత చూసే చెక్ ట్రే పైకి తీస్తే నాలుగు రొయ్యలు చచ్చి ఉన్నాయి. తల పెంకు మీద తెల్లమచ్చలు, అదే వైరస్. ఇక ఆ రోజే పట్టుబడి చెయ్యాలి, అంటే వలలు దించి చెరువంతా పట్టి అమ్మెయ్యాలి. బతికినవాటికే ధర, చచ్చినవాటిని ఎవరూ తీసుకోరు. తొమ్మిదింటికి కొనేవాళ్ళలో ఒకాయన వచ్చి చూసి, ధర మాట్లాడుకుని, నాన్నగారి చేతిలో చెయ్యి వేశాడు. "రెండింటికల్లా ఐసుతో వ్యాన్ గట్టు మీద ఉంటుందండి" అని వెళ్ళాడు.

రెండయింది. మూడయింది. ఫోన్ చేస్తే స్విచాఫ్. రొయ్యలు గట్టు అంచులకు వచ్చి వాలిపోతున్నాయి. నీళ్ళకు గాలి కొట్టే ఏరేటర్లు ఎంత తిరిగినా ఏం లాభం? నేను కాలు కాలిన పిల్లిలా గట్టు మీద తిరుగుతున్నాను. నాన్నగారు మాత్రం గొడుగు కింద కూర్చుని రోడ్డు వైపే చూస్తున్నారు.

పక్క చెరువులో పట్టుబడి చేయిస్తున్న ఇంకో కొనుగోలుదారు తనంతట తనే వచ్చాడు. "వ్యాన్‌లో చోటుందండి. మనుషులున్నారు, వలలున్నాయి. మీరు ఊఁ అంటే గంటలో దించేస్తాం" అన్నాడు.

"బేరం అయిపోయిందండి" అన్నారు నాన్నగారు.

"ఆయన రాలేదు కదండీ?"

"పొద్దు ఉంది కదండీ."

నాకు ఒళ్ళు మండిపోయింది. "పొద్దుంటే ఏంటి నాన్నగారూ, రొయ్యలు ఉండద్దూ!" అని అరిచాను. ఆయన నా వైపు చూడను కూడా చూడలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. వచ్చినాయన వెనక్కి వెళ్ళిపోయాడు.

నాలుగున్నరకు నాన్నగారు డీజిల్ పొయ్యడానికి అవతలి గట్టున ఉన్న జనరేటర్ దగ్గరకు వెళ్ళారు. నేను పక్క చెరువు దగ్గరకు పరుగెత్తాను. "నాన్నగారు ఒప్పుకున్నారండి, వలలు దించండి" అన్నాను. అబద్ధం. ఆ కొనుగోలుదారు చెయ్యి చాపితే చేతిలో చెయ్యి కూడా వేశాను. ఆ క్షణంలో నాకు తప్పు చేస్తున్నానని అనిపించలేదు. అనిపించిందని ఇప్పుడు రాసుకుంటే అది ఇంకో అబద్ధం అవుతుంది.

నాన్నగారు తిరిగి వచ్చేసరికి మనుషులు నడుంలోతు నీళ్ళలో వల లాగుతున్నారు. గట్టు మీద గొంతుక్కూర్చున్నారు.

అయిదున్నరకు, ఇంకా ఎండ ఉండగానే, మొదటాయన వ్యాన్ వచ్చింది. తాడేపల్లిగూడెం దగ్గర టైరు పేలిందట, ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయిందట. వ్యాన్ నిండా ఐసు, అప్పటికే కారిపోతోంది. ఆయన చెరువులో వల చూశాడు, పక్క వ్యాన్‌లో ట్రేలు చూశాడు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. నేను చెప్పబోయేంతలో నాన్నగారు లేచి రెండు చేతులూ జోడించారు.

"నేనే ఇచ్చేశానండి. తప్పు నాదే" అన్నారు.

ఆయన ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. "సరేలెండి" అని వ్యాన్ తిప్పుకుని వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది.

పంట దక్కింది. చెరువు నిలిచింది. ఇంటికి వచ్చాక నేనే తెగించి, "ఇంకో గంట ఆగితే మొత్తం పోయేది నాన్నగారూ" అన్నాను. "పోయేదేమో" అన్నారాయన. అంతే. ఆ తర్వాత ఎప్పుడూ ఆ ఊసు ఎత్తలేదు. భోజనానికి పిలిచేవారు, కాలేజీ సంగతులు అడిగేవారు, అన్నీ మామూలుగానే ఉన్నాయి. బేరం మాత్రం మళ్ళీ చెయ్యలేదు. ఎవరొచ్చినా "మా అమ్మాయిని అడగండి" అనేవారు. రెండేళ్ళుగా బేరాలన్నీ నేనే చేస్తున్నాను, క్లాసుకీ క్లాసుకీ మధ్య, కాలేజీ వరండాలో నిలబడి. ఒక్కో పంటకి వచ్చేవాళ్ళు తగ్గుతున్నారు. తప్పు నాన్నగారు నెత్తిన వేసుకున్నా, చెయ్యి వేసింది నేనేనని పక్క గట్టు మీదివాళ్ళు చూశారు. ఈ చుట్టుపక్కల మాట పాకడానికి ఎంతసేపు?

ఆ అమ్మాయి ప్రశ్న అడిగిన సాయంత్రమే చెరువు దగ్గర్నుంచి ఒక కొత్త కొనుగోలుదారు ఫోన్ చేశాడు. మళ్ళీ మచ్చలు కనపడ్డాయి. రేపే పట్టాలి. ధర చెప్పాను, ఒప్పుకున్నాడు. ఒప్పుకుని నసిగాడు. "ఏమీ అనుకోకండమ్మా. మీ చెరువు సంగతి విన్నాం. రేపు మేం ఐసు వేసుకుని వచ్చేసరికి సరుకు ఉంటుందని నాన్నగారు ఒక్క మాట పూచీ పడితే చాలు. ఇక్కడే ఉన్నారు, అడుగుతాను."

ఫోన్ చెవికి ఆనించుకుని నిలబడ్డాను. నాన్నగారు పూచీ పడతారనే అనుకున్నాను. ఆ రోజు అంత తప్పు నెత్తిన వేసుకున్న మనిషి, కూతురి కోసం ఈ ఒక్క మాట అనరా?

కాసేపటికి నాన్నగారి గొంతు వినిపించింది. కోపం లేదు, మామూలుగా అన్నం తిన్నావా అని అడిగినట్టే ఉంది.

"నీ మాటకి పూచీ పడలేనని చెప్పేశానమ్మా. ఆయన వెళ్ళిపోతున్నారు. నీకు చెప్పకపోతే బాగుండదని చెప్తున్నాను."