చిన్నబాపు అడిగి ఉంచుకున్న ఫికర్

గత బుధవారం పొద్దున చాయ్ తాగుతూ గుండె ఆగి మా చిన్నబాపు పోయాడు. మా నాన్నకు తమ్ముడు. లాడ్ బజార్‌లో మా లక్క గాజుల దుకాణాన్ని నడిపింది ఆయనే. ఏడుపుల మధ్యనే ఒక పని గుర్తు చేసుకోవాల్సి వచ్చింది. ఆయన ఛాతీలో చర్మం కింద ఒక బ్యాటరీ ఉంది. దహనానికి ముందు తీయించకపోతే అది మంటలో పేలుతుంది. ఆస్పత్రి నుంచి మనిషి వచ్చి తీసి, కుట్టేసి వెళ్లాడు. బంధువుల్లో కొందరికి ఆ సంగతి అప్పుడే తెలిసింది. "గుండెకు పెట్టిన్రా?" అని అడిగారు. కాదు, మెదడుకు.

ఆయన జబ్బు పేరు ఓసీడీ. ఇల్లు శుభ్రంగా ఉంచుకునే వాళ్లంతా ఇప్పుడు "నాకు ఓసీడీ" అంటుంటే నాకు ఒళ్లు మండుతుంది. చిన్నబాపుకు చేతులు కడిగి కడిగి వేళ్ల సందుల్లో నెత్తురొచ్చేది. గాజుల జోడీ కట్టాలంటే వాటి మీద పొదిగిన ఒక్కో రాయీ చూసి, మళ్లీ మొదటి నుంచి చూసి, డబ్బా మూసి, మళ్లీ తెరిచేవాడు. మా దుకాణంలో గాజులు కొన్నవాళ్ల చేతికి మేమే తొడగడం రివాజు. ఆయన మాత్రం ఎవరి చెయ్యీ ముట్టుకోలేకపోయేవాడు. చిన్నమ్మ తొడుగుతుంటే అటు తిరిగి కూర్చునేవాడు.

"రాయి మంచిగనే ఉన్నదని నాకు ఎరుకే బిడ్డా. కండ్లు ఒప్పుకుంటయి, లోపల ఒప్పుకోదు" అనేవాడు.

ఏళ్ల తరబడి మందులు వాడాడు, కౌన్సెలింగ్‌కు వెళ్లాడు. ఏదీ నిలబడలేదు. చివరికి ఆయన్ని చూసే డాక్టరమ్మ మెదడు లోపలికి సన్నని తీగలు దించి, ఛాతీలో పెట్టిన బ్యాటరీతో కరెంటు పంపే ఆపరేషన్ గురించి చెప్పింది. ఇంట్లో ఇంగ్లీషు వచ్చేది నాకే కాబట్టి పక్కన కూర్చుని అందరికీ విడమరిచి చెప్పాను. డోపమైన్ అంటే సంతోషం ఇచ్చే రసం అని మీరూ వినే ఉంటారు. అంత తేలిక కాదట. "ఇది ముఖ్యం, దీని వెంట పో" అని మెదడుకు చెప్పడంలో దానికి పెద్ద పాత్ర ఉందట. ఓసీడీలో ఆ దారులు ఒకే చోట ఇరుక్కుంటాయి. కరెంటు ఆ ఇరుకును వదులు చేస్తుందని, డోపమైన్ తీరు కూడా దానితో మారుతుందని అనుకుంటున్నారు. "పూర్తిగా ఎట్లా పనిచేస్తుందో మాకూ తెలియదమ్మా" అని ఆమె దాచకుండా చెప్పింది. నాకు ఆమె మీద నమ్మకం కుదిరింది ఆ మాటతోనే.

ఆపరేషన్ అయ్యాక కరెంటు పెట్టిన రోజు డాక్టరమ్మ గదిలోనే చిన్నబాపు నవ్వాడు. చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. చేతులు కడగడం తగ్గడానికి మాత్రం నెలలు పట్టింది. వెళ్లినప్పుడల్లా డాక్టరమ్మ కరెంటు కొంచెం కొంచెం పెంచింది.

ఆ తర్వాతే మేం పొరబడ్డాం. చిన్నబాపు తెల్లవారకముందే లేచేవాడు, అలసట ఎరిగేవాడు కాదు, ఆగకుండా మాట్లాడేవాడు. దారిన పోయేవాళ్లను "ఆవో బేటీ, దేఖ్‌నే కే పైసే నై!" అని, చూసినందుకు పైసలేం అడగనని, కేకేసి పిలిచేవాడు. పక్క దుకాణం భాయ్ "మీ చిన్నబాపు మస్తు హుషారైండమ్మా" అని మెచ్చుకున్నాడు. ఇంకెక్కడైనా అయితే ఎవరికైనా అనుమానం వచ్చేదేమో. లాడ్ బజార్‌లో ఆగకుండా మాట్లాడేవాణ్ణి మంచి దుకాణదారు అంటారు గానీ రోగి అనరు.

నాకు కొంచెం తేడాగా అనిపించి చిన్నమ్మతో అన్నాను. ఆమె కస్సుమంది.

"నా లగ్గమైన కాడ్నుంచి గిప్పుడే నవ్వవట్టిండు. గది గూడ తగ్గియ్యమంటవా? డాక్టరమ్మకు ఏం చెప్పకు."

 ఆ నవ్వు నాకూ కావాలి.

చెప్పింది చిన్నబాపే. తర్వాతిసారి వెళ్లినప్పుడు డాక్టరమ్మ "ఎట్లున్నారు?" అనగానే మొదలుపెట్టాడు.

"ఒక పెండ్లిపిల్లకు తప్పు జోడీ ఇచ్చిన మేడం. ఒక చేతివి పెద్ద రాళ్లు, ఒక చేతివి చిన్న రాళ్లు. ఇచ్చినంక చూసిన. చూసి గూడ నవ్విన. నాకేం అనిపియ్యలే. గదే భయమైతుంది." మళ్లీ తనే, "ఫికర్ మొత్తం తీసెయ్యకుండ్రి మేడం. కొంచెం ఉండనియ్యుండ్రి" అన్నాడు.

హుషారు హద్దు దాటిందని, కరెంటు ఎక్కువైతే ఇలా అవుతుందని చెప్పి డాక్టరమ్మ తగ్గించింది. చిన్నమ్మ గోడవైపు తిరిగి కూర్చుంది. తిరిగొస్తూ ఆటో నయాపూల్ దాటాక చిన్నబాపు ఆమె వైపు తిరిగాడు.

"నవ్వుతనే, జర తక్కువ నవ్వుత" అన్నాడు చిన్నబాపు. ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

అలాగే బతికాడు. దుకాణం తాళం రెండుసార్లు లాగి చూసేవాడు. చిన్నమ్మ "నడువు ఇగ" అంటే నడిచేవాడు. నాలో చిన్న కంగారు, ఆయన మాటలో ఫికర్, లేచినప్పుడు ఇప్పుడు నన్ను నేను తిట్టుకోను. అది ఆయన పుణ్యమే. ఆయన లేని దుకాణంలోకి అడుగుపెట్టాలంటే మాత్రం నాకు ఇంకా కాళ్లు రావడం లేదు.

అప్పట్లో, కరెంటు తగ్గించిన వారంలోనే, ఆ పెండ్లిపిల్ల కోసం సరైన గాజులు తీసుకుని, నన్ను వెంటబెట్టుకుని జల్‌పల్లిలో వాళ్లింటికి వెళ్లాడు. పెండ్లిపిల్లకు నలుగు పెడుతున్నారు. చేతులు మోచేతుల దాకా తడి పసుపు. వాళ్లమ్మ మొహమాటపడుతూ "ఎవ్వలు చూస్తరన్నా గీ తేడా? గాడ పెట్టిపో, మేం తొడుగుతం" అంది.

చిన్నబాపు ఆ చేతులనే చూస్తూ నిలబడ్డాడు.  తర్వాత పీట లాక్కుని పిల్ల ముందు కూర్చున్నాడు. ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకుని, వేళ్లు దగ్గరకు నొక్కి, ఒక్కొక్కటే మెల్లగా గాజులు ఎక్కించాడు. పసుపు ఆయన వేళ్లకంటింది, గోళ్లలోకి పోయింది. వాకిట్లో నల్లా నుంచి నీళ్లు కారుతున్నాయి. ఒకసారి అటు చూశాడు.

"రెండో చెయ్యి ఇయ్యి బిడ్డా" అన్నాడు.