బోదె చివరి చేను

మా పుట్టింటి చేనూ అత్తింటి చేనూ ఒకే బోదె కింద, ఒకే పిల్లకాలవ కింద ఉండేవి. కాలవ నీళ్లు బోదెలోకి దిగగానే ముందు మా అత్తవారి పొలం తడిసేది. చిట్టచివర, ఉప్పుగాలి తగిలే చోట నాన్న చేను. దివిసీమలో చివరి భూములవాళ్ల బతుకే అంత, పైవాళ్లు వదిలితేనే వాళ్లకు నీళ్లు. ఆ చేనే నాన్నకు ఏడాది తిండి.

యాభైల చివర, నాకు పెళ్లయిన రెండో ఏడు, హస్త కార్తె వచ్చినా చినుకు లేదు. కాలవకు వంతులు పెట్టారు. నాన్న వంతు వచ్చేసరికి బోదె చివర తడి కూడా మిగిలేది కాదు. మా వంతులో మా చేను నిండాక కూడా ఇంకో పూట నీళ్లు మిగిలేవి. ఆ పూట ఎవరడిగితే వాళ్లకిచ్చేవారు మా ఆయన. పక్క చేనువాడు అడిగాడు, పెట్టుకున్నాడు. నాన్న అడగలేదు.

నాన్న వరి అప్పుడే పొట్టకొచ్చింది. ఆ అదనులో నీళ్లు లేకపోతే వెన్ను పైకి తీసినా గింజ పట్టదు, అంతా తాలే. ఈ సంగతి ఆ ఇద్దరు మగవాళ్లకూ నాకంటే బాగా తెలుసు. ఆదివారం ప్రార్థనకు గుళ్లో కలిసినప్పుడు మాత్రం "వందనాలు మావయ్యగారూ" అంటే "వందనాలు బాబూ" అనుకునేవాళ్లు. ఒంట్లో ఎలా ఉందో అడిగేవాళ్లు, గేదెల పాడి గురించి, మేత కరువు గురించి, ఆఖరికి పాస్టరుగారి పాత సైకిలు గురించి కూడా మాట్లాడుకునేవాళ్లు. నీళ్ల మాట ఇద్దరి నోటా రాదు. నాకు ఒళ్లు మండిపోయేది.

ఒక ఆదివారం నాన్నను గుడి మెట్ల పక్కకు లాక్కెళ్లి కడిగేశాను.

"ఒక్క మాట అడిగితే ఏం పోతుంది నాన్నా?"

"పిల్లనిచ్చిన ఇంట్లో చెయ్యి చాపమంటావా? రేపు నిన్నెవరైనా ఓ మాటంటే నేను నోరెత్తగలనా?"

ఇంటికొచ్చి మా ఆయన మీద పడ్డాను. మీరైనా వదలొచ్చుగా అన్నాను.

"ఆయన అడక్కుండా వదిలితే, అల్లుడి దయతో పంట పండిందంటారు ఊళ్లో. అంత పెద్దమనిషి తల వంచుకోవాలా? నోటితో అననక్కర్లేదు. మన గట్టు మీదికొచ్చి నిలబడమను, చాలు" అన్నారు.

ఆ కబురు పంపాను. నాన్న రాలేదు. మా ఆయన ఆ వారమంతా పొద్దుగూకేదాకా బోదె గట్టునే కూర్చుని వచ్చారు. నేనే పార తీసుకుని వెళ్తానంటే మా అత్తగారు వాకిట్లో అడ్డం నిలబడ్డారు. "నువ్వు కట్ట తెంపావంటే రెండిళ్ల పరువూ ఆ బోదెలోనే కొట్టుకుపోద్దమ్మాయ్" అన్నారు. వీళ్ల పరువులు మండ! ఇప్పుడు తలుచుకున్నా ఆ ఇద్దరిలో ఎవరి మీద కోప్పడాలో నాకు తెలియదు. ఇద్దరూ మంచివాళ్లే, అదే బాధ.

మాకు నీళ్లున్నాయి గానీ మేత లేదు. ఊరంతా వరి కిందే ఉండే రోజులు, పశువు మూతి పెట్టడానికి జానెడు బీడుండదు. పాత గడ్డివామి అడుగంటింది. గట్ల మీది గడ్డి ఎంత గీకి తెచ్చినా ఈనిన గేదెకు డొక్కలు లోపలికి పోయాయి.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం మా వాకిట్లో బండి ఆగింది. తోలుకొచ్చింది నాన్నే. బండి నిండా కోసిన వరి, ఇంకా వెన్ను కూడా తీయని వరి. "ఇంకెందుకూ పనికిరాదమ్మా. మేతకు ఇబ్బందిగా ఉందన్నారుగా అల్లుడుగారు" అన్నారు, మామిడిపళ్ల బుట్ట తెచ్చినంత మామూలుగా.

మా ఆయన ఒక దుబ్బు అందుకుని పొట్ట చీల్చి చూశారు. లోపల వెన్ను తెల్లగా ఎండిపోయి ఉంది.

"ఒక్క మాట అనకపోయారా మావయ్యగారూ" అన్నారు.

నాన్న ఎడ్లను విప్పుతూ, "ఎండన పడి వచ్చాయి బాబూ, వీటికి కాసిని నీళ్లు పెట్టించండి" అన్నారు.

పెళ్లయ్యాక ఆ ఇంట్లో నాన్న నోరు తెరిచి అడిగినవి ఆ నీళ్లే. మా ఆయన పాలేరును పిలవలేదు. తనే నూతి దగ్గరికి వెళ్లి తోడి తొట్టిలో పోశారు. ఎడ్లు తాగి తలలెత్తాయి. ఆయన ఇంకా తోడుతూనే ఉన్నారు. తొట్టి పొర్లి నీళ్లు వాకిలంతా పారుతుంటే, చాలు బాబూ అని నాన్నే వెళ్లి ఆయన చెయ్యి పట్టుకున్నారు.