గిది ఎవని భూమి?

మా పెద్దబాపు పోయాడని మా అన్న ఫోన్ చేసినప్పుడు నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "ఎవలు చెప్పిండ్రు?" "నేనే చెప్తున్న చెల్లె, పక్కన్నే ఉన్న" అన్నాడు అన్న. అప్పుడు గానీ నాకు ఏడుపు రాలేదు. ఏ కబురు విన్నా ముందు ఆ ప్రశ్న అడగాలని నాకు నేర్పింది పెద్దబాపే.

ఆయన మా నాన్నకు అన్న, ఒట్టి అనుమానం మనిషి. పాలవాడు నవ్వినా అనుమానమే, నవ్వకపోయినా అనుమానమే. సంతలో కొన్న కూరగాయలు ఇంటికొచ్చాక మళ్లీ తూకం వేసేవాడు. ఎవరైనా అడగకుండా సాయం చేస్తే ఇక చెప్పక్కర్లేదు. "అడగంది అవ్వ సుత పెట్టది. అడగకముందే పెడుతుండంటే జర సూసుకోవాలె బిడ్డా" అనేవాడు. మేం చాటుగా నవ్వుకునేవాళ్లం.

ఆయన మొదటినుంచీ ఇలా లేడట. పెద్దపల్లి అవతల ఆయనకు పొలం ఉండేది. ఒకసారి ఇద్దరు మనుషులు మూడు కాళ్ల కెమెరాతో వచ్చారు. పెద్దబాపే వాళ్లను కూర్చోబెట్టి చల్ల పోశాడు. వాళ్లు పొలమంతా ఫోటోలు తీసుకుని, చాలా బాగుందని మెచ్చుకుని వెళ్లారు. తర్వాత ఆ పొలం బొగ్గు గని కిందికి పోయింది. ఇప్పుడక్కడ పెద్ద గొయ్యి. "నా చేతులతోని సల్ల పోసిన" అని తలుచుకున్నప్పుడల్లా అనేవాడు. అప్పటినుంచి పెళ్లిళ్లలో ఎవరు ఫోటో తీయడానికి ఫోన్ ఎత్తినా ముఖానికి తువ్వాల అడ్డం పెట్టుకునేవాడు.

కిడ్నీలు చెడి డయాలసిస్‌కు కరీంనగర్ రావడం మొదలయ్యాక, ఆ ఊళ్లోనే ఉంటాను కాబట్టి పక్కన కూర్చునే పని నాదయింది. మిషన్ మీద మధ్యాహ్నాలు ఒక పట్టాన గడవవు. ఏదో ఒకటి చూపిద్దామని ఫోన్‌లో వెతుకుతుంటే కొండలు, నదులు, మైదానాల ఫోటోలు పెట్టే గ్యాలరీలు దొరికాయి. ఎక్కడెక్కడి దేశాలవో. నాకు ప్రాణం లేచివచ్చింది. పెద్దబాపు మాత్రం కళ్లు చిన్నవి చేశాడు.

"గిది ఎవని భూమి?"

"ఎవలదో పెద్దబాపూ. మంచిగున్నదని ఫోటో తీసిండ్రు."

"ఎంతకు అమ్ముతుండు?"

"అమ్ముతలేరు. ఊకె సూసెటందుకే."

"పుకట్ల సూపెడుతుండా?" అని ఈసారి నన్ను కూడా ఎగాదిగా చూశాడు.

ఇంకోరోజు నీలంగా మెరిసే సరస్సు ఒకటి వచ్చింది. నేను మురిసిపోతుంటే ఆయన దాని అంచులన్నీ వెతికాడు. "గిన్ని నీళ్లున్నయి, ఒక్క బర్రె లేదు. ఊరిని ఖాళీ చేయించిండ్రు" అని తేల్చేశాడు. ఆ తర్వాత ఏ అందమైన ఫోటో చూసినా నా కళ్లు బర్రెలనే వెతికేవి. హాయిగా చూసే యోగం ఆయన వల్లే పోయింది. ఇప్పుడు తలుచుకుంటే, ఆ చూపు ఇచ్చినందుకు ఆయనకు దండం పెట్టాలనిపిస్తుంది.

అంత అనుమానపడేవాడు, సినిమా పెడతానంటే మాత్రం వద్దని ఆ ఫోటోలే అడిగేవాడు. "గవ్వే పెట్టు." ఎందుకని అడిగితే ఒకరోజు చెప్పాడు.

"గా సర్వేటోళ్లు మన పొలం తీసిండ్రు గదా. యాడనో పెట్టే ఉంటరు. ఒక్కసారి సూసుకుంట."

పొలం ఉన్నన్నాళ్లూ దాన్ని ఫోటో తీయాలని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు. సర్వే ఫోటోలు ఇందులో పెట్టరని చెప్పబోయి, ఇంకో ఫోటో తెరిచాను.

ఆయన పోవడానికి కొద్దిరోజుల ముందు ఒక పచ్చటి పొలం దగ్గర ఆయన వేలు ఆగింది. వంకర ఒడ్డు, పక్కన సన్నటి కాలువ. కింద ఎక్కడో దూరదేశం పేరు ఇంగ్లిషులో ఉంది. పెద్దబాపుకు ఇంగ్లిషు రాదు.

"గిదే" అన్నాడు. "మనదే."

నేను ఆయన ముఖంలోకి చూశాను. నన్ను పరీక్షిస్తున్నాడా? అలా చేయడం ఆయనకు అలవాటే. లేక నిజంగానే నమ్మాడా? ఇప్పటికీ నాకు తెలియదు. నేను ఏమీ అనకముందే సూది తీయడానికి నర్సు వచ్చింది.

"ఏం సూస్తున్నవ్ తాతా?"

"మా పొలం" అని ఫోన్ ఆమె వైపు తిప్పాడు.

ఆమె వంగి చూసి, "మస్తుగున్నది తాతా" అంది.

పెద్దబాపు ఆమెను ఒక చూపు చూశాడు. సూది లేని చేత్తో ఫోన్‌ను గుండె మీద బోర్లించుకుని, "సూసుడే. అమ్మేది లేదు" అన్నాడు.