నకలనుకుని అసలు ఆపేసిన పూట

పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకున్నాక, కాఫీ కంటే ముందు పలకమ్మ చేసే పని ఒకటుండేది. కిటికీ పక్కన కూర్చుని, అంచు పగిలిన ఫోనులో తను కట్టిన వెబ్‌సైట్లన్నీ ఒక్కొక్కటే తెరిచి చూసేది. మొత్తం ముప్పై ఒకటి. నిద్రపోతున్న పిల్లల దుప్పట్లు సర్దుతూ తిరిగే తల్లిలా, "తాళాలాయన బాగున్నాడు. కళ్లజోళ్ల షాపు బాగుంది. పళ్ల డాక్టరుగారు ఇంకా సెలవులోనే ఉన్నారు" అని గొణుక్కునేది. ఏదైనా తెరుచుకోలేదంటే ఆ పూట కాఫీ చల్లారిపోయిందన్నమాటే.

పలకమ్మ అన్నది బాబాయి పెట్టిన పేరు. సైటు కట్టమని ఎవరొచ్చినా ఆమె ముందు కంప్యూటరు జోలికి పోదు. పలకా బలపం వాళ్ల చేతికిచ్చి, "మీ షాపుకొచ్చిన మనిషికి మొదట ఏం కనపడాలో గీయండి" అంటుంది. బలపంతో గీయలేనిది పేజీలో అక్కర్లేదని ఆమె నమ్మకం.

ఆమె పనిచేసే గది జిరాక్సు షాపు పైన. మిషను తిరిగితే కింద నుంచి నేల సన్నగా వణికేది. ఆమె ఫోనులో మాట్లాడుతున్నట్టు వినపడితే కింద జిరాక్సాయన మిషను ఆపేసేవాడట. ఆ సంగతి ఆమెకి రెండేళ్లకి గానీ తెలియలేదు. చెప్పింది కూడా ఆయన కాదు, వరసలో నిలబడి విసుక్కున్న మనిషెవరో.

పేజీ బిల్డరంటే బ్రహ్మవిద్యేం కాదు. సైటుకి తగిలించుకునే ఒక పనిముట్టు, ప్లగిన్ అంటారు. బొమ్మని, మాటని, బటన్‌ని పట్టుకు లాగి కావలసిన చోట పెట్టుకోవచ్చు. ఉచితంగా దొరికేవి కొన్ని, ఏటేటా డబ్బు కట్టి వాడుకునేవి కొన్ని. రెంటిలో ఏది మేలని అడిగితే పలకమ్మ వాదన పెట్టుకునేది కాదు. "ఆపి చూద్దాం" అనేది. సైటుకి అచ్చుగుద్దినట్టు ఒక నకలు తీసి, ఆ నకల్లో ప్లగిన్ ఆపేసి, పేజీలో ఏం మిగిలిందో చూసేది. పందిరి పీకేశాక కూడా తీగ బతికుంటే అది మంచి పందిరి.

ఆమె పిన్ని దర్జీ. చేతులు పైకెత్తలేని పిల్లలకి, చక్రాల కుర్చీలో ఉండేవాళ్లకి పక్కల నుంచి విప్పుకునే బట్టలు కుట్టేది. కుట్టిన ప్రతి చొక్కాకీ లోపలివైపు ఒక గుండీ ఎక్కువ కుట్టి పంపేది, ఊడిపోతే ఆ తల్లి వెతుక్కోకూడదని. ఇన్నాళ్లూ ఆసుపత్రిలో వ్యాయామాలు చేయించే ఒకావిడ ఆర్డర్లు పంపేది. ఆవిడ రిటైరైపోయింది. ఇక మిగిలింది పలకమ్మ కట్టిన సైటొక్కటే. అది నడవకపోతే వచ్చే నెల నుంచి యూనిఫారాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టడానికి పోతానని పిన్ని చెప్పేసింది. పొద్దస్తమానం కాలర్లే!

అందుకే పిన్ని పట్టుబట్టి డబ్బుపెట్టి బిల్డరు కొనిపించింది. నచ్చకపోతే పద్నాలుగు రోజుల్లో డబ్బు వాపసు. సైటు తెరిచి పదమూడు రోజులైనా ఒక్క ఆర్డరూ రాలేదు. పద్నాలుగో రోజు పొద్దున పిన్నీ బాబాయీ మెట్లెక్కి వచ్చారు. పలకమ్మ పిన్ని నడుముకి దిండు సర్ది కూర్చోబెట్టింది.

"ఉంచుదామా, తీసేద్దామా? ఇవాళే ఆఖరు" అంది.

"ఉంచవే. ఊరికే వచ్చింది ఊరికే పోతుంది. కొన్నదైతే మన మాట వింటుంది."

"నన్ను కూడా కొనుక్కున్నావనుకున్నానే, నేనెక్కడ వింటున్నా?" అన్నాడు బాబాయి.

"మీరు ఉచితంగా వచ్చారు. అందుకే ఇట్లా ఉన్నారు."

పలకమ్మ నవ్వాపుకుంది. "పిన్నీ, కొన్నదానికి ఏటా కట్టాలి. కట్టకపోతే పేజీ మాయమైపోదు గానీ, కొత్త మరమ్మతులు రావు. ఉచితంది తేలిక, ఆపినా మాటలు మిగులుతాయి. కాకపోతే దాని కొలతల ఫారంలో తల్లులు ఫోటో పెట్టడానికుండదు."

"మరి ఫోటో లేకుండా బిడ్డ ఎట్లా కూర్చుంటుందో నాకెట్లా తెలుస్తుందే?"

ఆ మాటా నిజమే. సరే, ఆపి చూద్దామని పలకమ్మ నకలు తెరిచింది. ఎప్పుడూ నకలు పైన "నకలు" అని ఎర్రగా రాసిపెట్టుకోవడం ఆమె పద్ధతి. అది చూడగానే పిన్ని ముఖం చిన్నబోయింది.

"నా కుట్టు మీద నకలు అని రాశావేంటే? తీసెయ్యమ్మా, చూళ్లేకపోతున్నా."

పిన్ని మనసు నొప్పించడమెందుకని తీసేసింది. దాంతో తెర మీద అసలు సైటు కిటికీ, నకలు కిటికీ కవలపిల్లలైపోయాయి. మాటల్లో పడి ఒకదాంట్లో ప్లగిన్ ఆపేసింది. పేజీ నిండా బ్రాకెట్లు, అంకెలు, అర్థంకాని కోడు. వాటి మధ్య పిన్ని ఫోను నంబరొక్కటే నిక్షేపంగా ఉంది.

"చూశావా? పందిరితో పాటు తీగ కూడా పోయింది" అంటూ వివరిస్తోంది. పావుగంట గడిచింది. పిన్ని ఫోను మోగింది. పిన్ని స్పీకరు పెట్టింది.

"పిల్లలకి పక్క గుండీల బట్టలు కుట్టేది మీరేనా అండీ? మీ పేజీకి ఏమైంది? మా పాప పిచ్చిగీతలు గీసినట్టుంది. మధ్యలో నంబరు కనపడితే చేశాను."

పలకమ్మ మళ్లీ తెర వైపు చూసింది. ఆపింది అసలు సైటునే! గబగబా ప్లగిన్ మళ్లీ నడిపించి, "తప్పు నాదేనండీ, ఇప్పుడు సరిచేశాను" అంది.

"పోన్లెండి, అదే మంచిదైంది. బాగున్నప్పుడు రెండుసార్లొచ్చి వెళ్లిపోయాను. నంబరు ఎక్కడో అడుగున ఉన్నట్టుంది, అంతదాకా పోలేదు."

"ఎందుకమ్మా వెళ్లిపోయారు?" పిన్ని అడిగింది.

"ఐదో ప్రశ్నలో, పాపని నిటారుగా నిలబెట్టి కొలవండి అని ఉందండీ. మా పాప నిలబడదు."

ఆ కొలతల ఫారం కొన్న బిల్డరుతో పాటు తయారుగా వచ్చింది. అందంగా ఉందని, ఏడు ప్రశ్నలున్నాయని, పలకమ్మ చదవకుండానే తగిలించేసింది. ముప్పై ఏళ్లుగా పిన్ని ఏ తల్లినీ అడగని మాట అది.

"నేలమీద పడుకోబెట్టి, భుజం నుంచి మోకాలిదాకా ఒక తాడు పరచండి తల్లీ. చాలు. మిగతాది నేను చూసుకుంటా" అంది పిన్ని. "పాపకి ఏ రంగిష్టం?"

"పసుపు. పసుపు తప్ప ఇంకోటి వద్దంటుంది."

పిన్ని ఇంకా మాట్లాడుతుండగానే పలకమ్మ, బిల్డరు డబ్బు వాపసు ఇమ్మని ఉత్తరం రాసి పంపేసింది. ఫోటోలమ్ముకునేవాళ్ల సైటైతే కొన్నదే పెట్టేదాన్నని బాబాయితో గుసగుసగా అంది. ఇక్కడ ఉచితం చాలు. అడగాల్సినవి మూడే ముక్కలు, నంబరు అన్నిటికంటే పైన, ఫోటో తల్లులు పిన్ని ఫోనుకే పంపుతారు. ఆ మూడు ముక్కలైనా ఈసారి సొంతంగా రాయడానికి ఆమెకి ధైర్యం చాల్లేదు.

పిన్ని చేతిలోంచి ఫోను అందుకుంది.

"అమ్మా, నాకొక్క ఉపకారం చేసిపెడతారా? పావుగంట ఫోను పెట్టేయకండి. నేను రాస్తూ ఒక్కొక్క ప్రశ్నా చదువుతాను. ఎక్కడ మీకు మనసు చివుక్కుమంటే అక్కడ ఆపేసి, నన్ను తిట్టండి."